మున్సిపాలిటీలో టౌన్ ప్లానర్ కావాలంటే: చదువు, పరీక్ష, ఫీల్డు పని

టౌన్ ప్లానింగ్ అనగానే మన జిల్లాల్లో చాలామందికి రెండే గుర్తొస్తాయి: ఇంటి ప్లాన్ అప్రూవల్, అక్రమ కట్టడానికి నోటీసు. ఆ రెండూ మా పనే, కాదనను. కానీ ఊరు ఎటు పెరగాలి, ఏ రోడ్డు ఎంత వెడల్పుండాలి, వాన పడితే నీళ్లు ఏ దారిన పోవాలి, బడికీ పార్కుకీ మార్కెట్‌కీ ఎక్కడ జాగా మిగలాలి అన్నది ముందే తేల్చి మ్యాపు మీద పెట్టి, ఆ మ్యాపును ఏళ్ల తరబడి కాపాడుకుంటూ రావడం అసలు పని. ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల మున్సిపాలిటీల్లో నేను సర్వీసంతా చేసింది ఇదే. ఓవర్‌సీయర్‌గా చేరి అసిస్టెంట్ సిటీ ప్లానర్‌గా రిటైరయ్యాను. ఈ ఉద్యోగంలోకి రావాలనుకునే పిల్లల కోసం, ఇప్పటికే వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీగా ఉండి పై పోస్టుకు చదువుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

చదువుతో ఉద్యోగం వస్తుంది. ఆ తర్వాత మంచి ప్లానర్ కావాలంటే, ముఖ్యంగా పెన్నా ఒడ్డున, కాలువల మధ్య పెరిగిన నెల్లూరు లాంటి ఊళ్లో, నీళ్ల దారినీ భూమి రికార్డునూ చదవడం రావాలి. అందుకని చదువుల సంగతి తొందరగా ముగించి ఫీల్డు గురించే ఎక్కువ చెప్తాను.

ఏం చదవాలి, ఏ పరీక్ష రాయాలి

పదో తరగతి తర్వాతే మొదలుపెట్టాలనుకుంటే పాలిసెట్ రాసి సివిల్ డిప్లొమాలో గానీ ఆర్కిటెక్చరల్ అసిస్టెంట్‌షిప్ డిప్లొమాలో గానీ చేరొచ్చు. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో సీటు వస్తుంది. ఇంట్లో డబ్బుకు ఇబ్బందిగా ఉన్న పిల్లలకు నేను ఈ దారే చెప్తాను, ఎందుకంటే డిప్లొమాతోనే ఓవర్‌సీయర్ పోస్టుకు పోటీ పడొచ్చు.

ఇంటర్‌లో లెక్కలు ఉన్నవాళ్లకు బీ ప్లానింగ్ ఉంది, నాలుగేళ్ల కోర్సు. జేఈఈ మెయిన్‌లో పేపర్ 2బీ దీనికోసమే, 2ఏ ఆర్కిటెక్చర్‌కి. చాలామంది పేపర్ 1 ఒక్కటే రాసి వచ్చేస్తారు, 2బీ అనేది ఒకటుందని కాలేజీలో చెప్పేవాళ్లు కూడా ఉండరు. దరఖాస్తు పెట్టేటప్పుడే ఆ పేపర్‌కి కూడా టిక్కు పెట్టుకోండి. మనకు దగ్గర్లో విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది, 2008లో పెట్టారు, కేంద్ర ప్రభుత్వ సంస్థ. ఢిల్లీలో, భోపాల్‌లో ఇలాంటివే ఉన్నాయి. సివిల్ గానీ ఆర్కిటెక్చర్ గానీ చదివినవాళ్లు గేట్ రాసి రెండేళ్ల ఎం ప్లానింగ్ చెయ్యొచ్చు. ఉద్యోగంలో ఉంటూ అర్హత పెంచుకోవాలంటే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టౌన్ ప్లానర్స్, ఇండియా వాళ్ల అసోసియేట్‌షిప్ పరీక్ష ఉంది. ఆ సంస్థ 1951 నుంచీ ఉంది.

ఉద్యోగాల మెట్లు ఇలా ఉంటాయి. కింద వార్డు ప్లానింగ్ సెక్రటరీ, ఇది 2019లో సచివాలయాలతో పాటు వచ్చిన పోస్టు. ఆపైన టౌన్ ప్లానింగ్ అండ్ బిల్డింగ్ ఓవర్‌సీయర్, తర్వాత సూపర్‌వైజర్, టౌన్ ప్లానింగ్ ఆఫీసర్, అసిస్టెంట్ సిటీ ప్లానర్, డిప్యూటీ సిటీ ప్లానర్, సిటీ ప్లానర్. చిన్న మున్సిపాలిటీల్లో ఈ పోస్టులన్నీ ఉండవు. ఓవర్‌సీయర్‌ను ఏపీపీఎస్సీ తీసుకుంటుంది. జనరల్ స్టడీస్‌తో పాటు సబ్జెక్ట్ పేపర్ ఉంటుంది. అర్హతలు నోటిఫికేషన్‌కీ నోటిఫికేషన్‌కీ మారతాయి కాబట్టి ఆ పట్టిక పదం పదం చదవండి. మీ కోర్సు పేరు అందులో ఉన్నది ఉన్నట్టు లేకపోతే, సరిసమానమైనదే కదా అని ధీమాగా ఉండొద్దు. ముందే రాతపూర్వకంగా అడిగి తేల్చుకోండి. సెలక్షన్ దాకా వచ్చి సర్టిఫికెట్ల పరిశీలనలో ఆగిపోయిన పిల్లల టెన్షన్ నేను కళ్లారా చూశాను.

ఇంతమంది అవసరమా అంటారా? 2021 సెప్టెంబరులో నీతి ఆయోగ్ పట్టణ ప్రణాళిక మీద ఒక నివేదిక ఇచ్చింది. దేశం మొత్తం మీద రాష్ట్రాల టౌన్ ప్లానింగ్ శాఖల్లో మంజూరైన ప్లానర్ పోస్టులే నాలుగు వేల లోపు, వాటిలో 42 శాతం ఖాళీ అని అందులో ఉంది. కావాల్సింది 12 వేలకు పైమాటేనట. నోటిఫికేషన్లు ఆలస్యమవుతాయేమో గానీ ఈ పని ఎక్కడికీ పోదు.

ఆడపిల్లలకు ఫీల్డు కష్టమని కొందరు వెనక్కి లాగుతారు. నేను నా సర్వీసంతా కాలువ గట్ల మీద, సగం కట్టిన స్లాబుల మీద తిరిగాను. మీ అమ్మాయికి ఇష్టమైతే నిశ్చింతగా చదివించండి.

చేరిన కొత్తలో నేర్చుకోవాల్సినవి

మొదట కొలతలు. మన దగ్గర దస్తావేజులు అంకణాల్లో, సెంట్లలో, గజాల్లో ఉంటాయి. రూల్స్ అన్నీ మీటర్లలో ఉంటాయి. నెల్లూరులో అంకణం అంటే 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. అదే తిరుపతి వైపు 36 అడుగులకే అంకణం అంటారు. సెంటుకు 48.4 గజాలు, మన అంకణాల్లో ఆరుకు కాస్త పైన. ఏ ఊరి అంకణమో కనుక్కోకుండా లెక్క వేస్తే స్థలం సగానికి సగం తేడా వస్తుంది. ఫైలు తెరవగానే అంతా చదరపు మీటర్లలోకి మార్చి మొదటి పేజీ మూలన రాసుకోండి.

రెండోది మాస్టర్ ప్లాన్, అంటే ఊళ్లో ఏ భూమి దేనికో రంగులతో చూపే మ్యాపు. పసుపు నివాసం, నీలం వాణిజ్యం, ఊదా పరిశ్రమ, ఎరుపు బడులూ ఆసుపత్రులూ ఆఫీసులూ, ఆకుపచ్చ పార్కులూ మైదానాలూ. రంగులు నేర్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు. మ్యాపు మీద గీత భూమి మీద ఎక్కడ పడుతుందో చెప్పడానికి ఏడాది పడుతుంది. కాబట్టి మీ వార్డు వరకు మాస్టర్ ప్లాన్ ముక్క ప్రింటు తీసి, దాని మీద సర్వే నంబర్లు మీ చేత్తో రాసుకోండి. కంప్యూటర్‌లో మ్యాపులు చేసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ నేర్చుకుని ఈ పనే చెయ్యండి, అది ఉచితంగా దొరుకుతుంది. ఇస్రో వాళ్ల శాటిలైట్ మ్యాపుల సైటు భువన్, గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల చిత్రాలు కూడా చూడండి. ఇప్పుడు అపార్ట్‌మెంట్లు ఉన్న చోట అప్పట్లో కుంట ఉందా, మడి ఉందా అన్నది అక్కడ కనపడుతుంది.

చట్టాల్లో ముందు చదవాల్సినవి 2017 బిల్డింగ్ రూల్స్, అదే ఏడాది వచ్చిన లేఅవుట్ రూల్స్. వీటికి సవరణలు వస్తూనే ఉంటాయి, ఏ జీవో దేన్ని మార్చిందో ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. 1920 నాటి టౌన్ ప్లానింగ్ చట్టం పాతదే అయినా మాస్టర్ ప్లాన్‌కి దాని అవసరం పడుతుంది. కార్పొరేషన్‌లో చేస్తే కార్పొరేషన్ల చట్టం, మున్సిపాలిటీలో చేస్తే 1965 మున్సిపాలిటీల చట్టం. నోటీసు మీద తప్పు చట్టం, తప్పు సెక్షన్ వేస్తే కోర్టులో కేసు మొదటి వాయిదాకే పోతుంది.

సైట్ ఇన్‌స్పెక్షన్ ఎలా చెయ్యాలి

ఇప్పుడు దరఖాస్తులన్నీ ఆన్‌లైన్లోనే. లైసెన్స్ ఉన్న టెక్నికల్ పర్సన్ డ్రాయింగ్ అప్‌లోడ్ చేస్తారు, సాఫ్ట్‌వేర్ సెట్‌బ్యాకులు, అంటే కట్టడం చుట్టూ వదలాల్సిన ఖాళీలు, సరిచూస్తుంది. చిన్న ఇళ్లకు సెల్ఫ్ సర్టిఫికేషన్ కూడా వచ్చింది. మరి ప్లానర్‌తో పనేముంది అని కొత్తవాళ్లు అడుగుతారు. సాఫ్ట్‌వేర్‌కి తెలిసేది డ్రాయింగ్‌లో గీసిన గీతలే. గీయకుండా వదిలేసిన కాలువ సంగతి దానికి తెలియదు.

ఒక ఉదాహరణ వివరంగా చెప్తాను. నెల్లూరు శివారు వార్డులో జీ ప్లస్ టూ ఇంటికి దరఖాస్తు. దస్తావేజు ప్రకారం 40 అంకణాలు, అడుగుల్లో 40 వెడల్పు, 72 పొడవు. మీటర్లలో 12.19, 21.95. పడమర రోడ్డు, తూర్పున కాలువ. డ్రాయింగ్‌లో కాలువ వెడల్పు 6 మీటర్లని చూపించి, దాని నుంచి 2 మీటర్లు వదిలారు. సైటు మీద కొలిస్తే కాలువ నిజంగానే 6 మీటర్లుంది. డ్రాయింగ్‌కీ సైటుకీ సరిపోయింది, సాఫ్ట్‌వేర్ పాస్ చేసింది.

ఇక్కడే ఎఫ్ఎంబీ తెరవాలి. ప్రతి సర్వే నంబరుకీ పొలం కొలతల పటం ఒకటి ఉంటుంది, అదే ఎఫ్ఎంబీ. పాతవాటిలో కొలతలు లింకుల్లో ఉంటాయి. గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు, కాబట్టి లింకు అంటే 20 సెంటీమీటర్ల పైన కాస్త. మధ్యలో జీ లైన్ అని ఒక ప్రధాన గీత, దాని నుంచి అటూ ఇటూ పక్కకు తీసిన కొలతలు, అవే ఆఫ్‌సెట్లు. ఆ పటంలో ఈ కాలువ వెడల్పు 60 లింకులు. అంటే 12.07 మీటర్లు. రిజిస్టరులో అది కాలువ పోరంబోకు. భూమి మీద మిగిలింది అందులో సగం.

ఈ తేడా ఎంత దూరం పోతుందో చూడండి. 2017 రూల్స్ ప్రకారం 10 మీటర్లు, అంతకు తక్కువ వెడల్పున్న కాలువకు 2 మీటర్ల బఫర్, అంటే కాలువ పక్కన కట్టకుండా విడిచే జాగా, వదిలితే చాలు. 10 దాటితే 9 మీటర్లు వదలాలి. రికార్డు ప్రకారం ఇది 12 మీటర్ల కాలువ. బఫర్ 2 కాదు, 9. అంతేకాదు, కాలువ ఇటువైపు కూడా కుంచించుకుపోయి ఉంటే ఆ 72 అడుగుల పొడవులోనే కొంత పోరంబోకు కలిసి ఉండాలి. ఆ మాట మనం నోటితో తేల్చకూడదు. సర్వేయర్‌కి రాసి, దరఖాస్తుదారుణ్ని, పక్క స్థలం వాళ్లను పిలిపించి, అందరి ఎదుట కొలిపించాలి. కొలిపించాం. వెనక దాదాపు 3 మీటర్లు కాలువలోదే అని తేలింది.

ఇంటాయన మాటలు నాకింకా గుర్తున్నాయి. "మేడమ్, ఈ కాలవలో నీళ్లు యాడ పారతుండాయి? ఇన్నేళ్ల నుంచి చూస్తుండా, చెత్త తప్ప ఏం లేదు." ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయన చూసినంత కాలం అందులో చెత్తే ఉంది. రిటైరైన డబ్బుతో కొన్న స్థలం అది, ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది. నేను ఆయన్ని పక్కింటి ప్రహరీ దగ్గరికి తీసుకెళ్లాను. 2021 నవంబరు వరద తాలూకు మట్టి గీత గోడ మీద నడుం ఎత్తున ఇంకా ఉంది. "అన్నా, నీళ్లు ఇంత దాకా వచ్చింది ఈ కాలవ దారినే. మీ ఇల్లు ఇంకో మూడు మీటర్లు ముందుకొస్తే మీ పక్కవాళ్లకే కాదు, మీ హాల్లోకే వస్తాయి" అన్నాను. ఊరికే కాదని చెప్పి పంపేయకుండా, ఆ కాలువ గట్టున కూర్చునే కొత్త ప్లాన్ ఎలా ఉండొచ్చో కాగితం మీద గీసి చూపించాను. కాలువ వాటా, బఫర్, ముందూ పక్కలా వదలాల్సినవి అన్నీ పోను అంతస్తుకు 70 చదరపు మీటర్ల పైనే ఇల్లు వచ్చింది. బఫర్‌లో కొబ్బరి చెట్లు పెట్టుకున్నారు. కాదన్నప్పుడు ఏది అవుతుందో కూడా చెప్పి పంపడం మన ఉద్యోగంలో భాగమేనని నా నమ్మకం.

మన జిల్లాలకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఫైళ్లు ఎక్కువగా కదిలేది వేసవిలో. ఏప్రిల్లో చూసిన కాలువను నమ్మి సంతకం పెడితే కార్తీకంలో ఆ వీధి మునుగుతుంది. 2021లో పడుగుపాడు దగ్గర రైలు కట్టే కొట్టుకుపోయింది, ఊళ్లో లోతట్టు కాలనీలు మునిగాయి. పెద్ద వాన పడితే నెల్లూరులో మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జి కింద నీళ్లు నిలవడం మీకు తెలిసిందే. అందుకే కొత్తగా చేరినవాళ్లు మొదటి వానాకాలంలో గొడుగు వేసుకుని వార్డంతా తిరగాలి. సర్వేపల్లి కాలువ, జాఫర్ సాహెబ్ కాలువ, వాటిలో కలిసే పిల్ల కాలువలు ఎక్కడ ఇరుకవుతున్నాయో ఫొటో తీసి, తేదీ, సమయం వేసి పెట్టుకోండి. ఒంగోలులో అయితే పోతరాజు కాలువ వెంబడి ఇదే పని చెయ్యండి. ఆ ఫొటోలు రేపు మాస్టర్ ప్లాన్ సవరించేటప్పుడు, కోర్టులో కౌంటర్ వేసేటప్పుడు పనికొస్తాయి. చెరువులకు రూల్ వేరే: 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు పూర్తి నీటిమట్టం గీత నుంచి 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు. ఆ గీత ఎక్కడో ఇరిగేషన్ వాళ్లతో రాయించుకోవాలి. గట్టు నుంచి కొలిచి ఊరుకోవద్దు.

రోడ్డు కొలిచేటప్పుడు తారు అంచు నుంచి తారు అంచుకు కొలవకండి. ఎదురుబొదురు హద్దుల మధ్య కొలవాలి. ఉన్న రోడ్డు 9 మీటర్లు, మాస్టర్ ప్లాన్‌లో 12 అనుకోండి. మధ్య గీత నుంచి అటూ ఇటూ 6 మీటర్లు ఉండాలి కాబట్టి, చెరో వైపు స్థలంలో 1.5 మీటర్లు రోడ్డుకు పోతుంది, సెట్‌బ్యాకు ఆ కొత్త అంచు నుంచి మొదలవుతుంది. ఈ ముక్క ఇంటివాళ్లకు పునాది తీయకముందే చెప్పండి. స్తంభాలు లేచాక చెప్తే ఎవరి మాట ఎవరూ వినరు.

ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో "స్థలాన్ని పరిశీలించాను, సరిగా ఉంది" అని రాసే అలవాటు మొదట్లోనే మానుకోండి. నాలుగు హద్దులూ, నాలుగు కొలతలూ, రోడ్డు వెడల్పూ, కరెంటు తీగల దూరమూ, ఎటు నుంచి ఎటు వాలు ఉందో, ఏ ఎఫ్ఎంబీ చూశారో, అక్కడ ఎవరున్నారో రాయండి. ఐదేళ్ల తర్వాత మీ సీట్లో కూర్చున్న మనిషి ఆ రిపోర్టు చదివి సైటును కళ్లకు కట్టినట్టు చూడగలగాలి.

లేఅవుట్లు

లేఅవుట్లో 10 శాతం స్థలం ఖాళీగా వదిలి, గిఫ్ట్ డీడ్‌తో మున్సిపాలిటీకి రాసివ్వాలి. దాన్ని మూలన, ఎవరికీ పనికిరాని ముక్కోణంలోకి నెట్టడం రియల్ ఎస్టేట్‌లో పాత అలవాటు. పల్లంలో నీళ్లు నిలిచే చోటు చూపించి ఇదే పార్కు అంటారు. రూల్ ప్రకారం శాతం సరిపోయినా సరే, పిల్లలు ఆడుకునేలా, అన్ని వీధుల నుంచి నడిచి వచ్చేలా మార్చమని రాయండి. ఫైనల్ అప్రూవల్ ముందు ఆ స్థలానికి కంచె, బోర్డు పడ్డాయో లేదో వెళ్లి చూడండి. బోర్డు లేని పార్కు పదేళ్లకు ఎవరి పేరు మీదో రిజిస్టరై కనపడుతుంది. మా చుట్టుపక్కల లేఅవుట్లలో మిగిలిన పార్కులన్నీ ఎవరో ఒక ఓవర్‌సీయర్ పట్టుబట్టి బోర్డు పెట్టించినవే.

మాస్టర్ ప్లాన్ డ్రాఫ్టుకు అభ్యంతరాలు పిలిచినప్పుడు వచ్చే కాగితాలను గుమాస్తా పనిగా చూడకండి. ఎక్కువ శాతం "మా స్థలం మీదుగా రోడ్డు తీసేయండి" అనే ఉంటాయి. మధ్యలో ఎక్కడో ఒక రైతు తన పొలం దగ్గర వాగు మలుపు మ్యాపులో తప్పుందని వంకర అక్షరాలతో రాసి ఉంటాడు. దాని కోసం మొత్తం కట్ట చదవాలి.

ఒత్తిళ్లు

ఫోన్లు వస్తాయి. "ఆ ఫైలు కాస్త చూడమ్మా" అన్న మాటలో బెదిరింపు లేకపోయినా బరువుంటుంది. నేను పాటించిన పద్ధతి ఒక్కటే: ఏ ఫోనుకైనా మర్యాదగా వినడం, ఆ రోజే ఫైల్లో నా అభిప్రాయం కారణాలతో రాసి పైకి పంపడం. రాసిన నోట్ ఉన్నాక రెండోసారి ఫోన్ చేసేవాళ్లు తగ్గిపోతారు. ఒక చోట నా నోట్ నచ్చక నన్ను వేరే సీటుకు మార్చారు. నోట్ మాత్రం ఫైల్లోనే ఉండిపోయింది, తర్వాత కోర్టు దాన్నే చూసింది.

అక్రమ కట్టడం విషయంలో ఆలస్యం చేస్తే ఇంటివాళ్లకే అన్యాయం చేసినట్టు. పునాది దశలోనే ప్రొవిజనల్ ఆర్డర్, అంటే జవాబు అడుగుతూ ఇచ్చే తాత్కాలిక ఉత్తర్వు, ఇస్తే పోయేది కొన్ని కంకర లోడ్లు. మూడో స్లాబు పడ్డాక ఇస్తే ఒక కుటుంబం జీవితకాలపు పొదుపు పోతుంది. జవాబుకు ఇచ్చిన గడువు పూర్తిగా ఇవ్వండి, వాళ్లిచ్చిన జవాబులో ప్రతి అంశానికీ సమాధానం రాసి అప్పుడు దాన్ని ఖాయం చేసే కన్ఫర్మేషన్ ఆర్డర్ ఇవ్వండి. నోటీసు తలుపుకు అంటించి ఫొటో తీసుకునే ముందు ఒకసారి చేతికివ్వడానికి ప్రయత్నించండి. ఆ ఇంట్లో పెద్దవాళ్లుంటే అర్థమయ్యేలా తెలుగులో చదివి చెప్పండి. సోమవారం అర్జీల రోజు కూడా అంతే, అడిగినవాళ్లకు నిలబెట్టి కాకుండా కూర్చోబెట్టి చెప్పండి.

ఉద్యోగం రాకముందే చేసుకోదగ్గ సాధన

మీ వీధి సర్వే నంబరు కనుక్కుని ఎఫ్ఎంబీ నకలుకు దరఖాస్తు పెట్టండి. ఒక స్నేహితుణ్ని తోడు తీసుకుని వీధి వెడల్పు మూడు చోట్ల, పక్కనున్న కాలువ మూడు చోట్ల కొలిచి గ్రాఫు కాగితం మీద గీయండి. పటంలో లింకుల్ని మీటర్లలోకి మార్చి రెండూ పక్కపక్కన పెట్టండి. తేడా ఎక్కడొచ్చిందో, ఏ వైపు నుంచి వచ్చిందో, నీళ్లు ఎటు పోతున్నాయో అర పేజీ రాయండి. ఇలా మీ ఊళ్లో నాలుగైదు వీధులు చేస్తే సబ్జెక్ట్ పేపర్‌లో సర్వేయింగ్ ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి, ఉద్యోగంలో చేరిన మొదటి వారమే మీ చేతికి పని తెలుస్తుంది. టేపు 30 మీటర్లది కొనండి. ఫైబర్ టేపు గట్టిగా లాగితే సాగుతుంది, అందుకని రోడ్లకు అది వాడినా కాలువ కొలతలకు, హద్దు రాళ్ల మధ్య దూరానికి స్టీలు టేపే వాడండి. తడిసిన రోజు ఇంటికి రాగానే తుడిచి, కాస్త నూనె గుడ్డతో రుద్ది చుట్టి పెట్టండి.